జిడ్డు కింద

ఫిబ్రవరి 9, 2025. ఆదివారం
అబిడ్స్ ఫుట్‌పాత్. పాత పుస్తకాల గుట్టలో ఐటీఐ ఫిట్టర్ పుస్తకం దొరికింది. విడిభాగాలు కడిగే పాఠం ఉన్న పేజీ మీద నల్లటి బొటనవేలి ముద్ర. మిగతా పేజీలు శుభ్రంగా ఉన్నాయి. ఆ ముద్ర చూసే కొన్నాను.

సాయంత్రం నుమాయిష్. జెయింట్ వీల్ కాలి దగ్గర ఒక బోల్టు. పైన పసుపు రంగు. పెచ్చు లేచిన చోట నీలం, దాని కింద ఎరుపు. మూలల్లో మాత్రం పానా తగిలి ఇనుము మెరుస్తోంది.

ఫిబ్రవరి 21
నాంపల్లి సరాయి వైపు సందులో ఓ వెల్డింగ్ షాపు మూసేశారు. వాళ్ల డ్రిల్లింగ్ మిషన్ మా షాపుకు వచ్చింది. పిల్లర్ మీద మడ్డి వేలి మందం. పైన బూడిద రంగు, కింద ఆకుపచ్చ, ఆ కింద ఇంకేదో. దసరా దసరాకూ ఒక పూత. పాతది ఎవరూ గీకలేదు.

మార్చి 3
మడ్డిని ముందు వెదురు పుల్లతో తీయాలి. ఇనుప గీకుడు తగిలితే జారే చోట గీత పడుతుంది. ఆ గీత ఇక పోదు. తర్వాత గాసునూనెలో రాత్రంతా నానబెట్టడం. పొద్దున్నే బ్రష్ వేస్తే తొక్కలా ఊడి వస్తుంది.

పెట్రోలు వద్దు. దాని ఆవిరి చలికాలంలోనూ అంటుకుంటుంది. గాసునూనె నయం. ఎండలు 40 దాటాక మాత్రం దాన్నీ నమ్మకూడదు.

మార్చి 17
కాస్టిక్ సోడా రోజు. నీళ్లలో సోడా వేయాలి. సోడా మీద నీళ్లు పోయకూడదు, ఎగిరి మొహాన పడుతుంది. గ్లవ్స్, కళ్లద్దాలు, పక్కన బకెట్టు మంచినీళ్లు.

"ఉస్తాద్, గీ పుల్లీ గూడ ఏయాల్నా?"
"అది అల్యూమినియం రా. బయట పెట్టు."

ఎందుకో షాపు కుర్రాడికి తెలియాలి. తలుపులు బార్లా తీసి, విరిగిన అల్యూమినియం గిన్నె ముక్కను సోడా నీళ్లున్న చిన్న డబ్బాలో వేశాను. బుసబుస నురగ. లేచేది హైడ్రోజన్, దగ్గర్లో అగ్గిపుల్ల కూడా గీయకూడదు. వాడు కాసేపు చూశాడు. తర్వాత అడగకుండానే బీడు ముక్కలు ఒక పక్క, అల్యూమినియం ఒక పక్క పేర్చాడు.

జిడ్డులోని కొవ్వు సోడాలో సబ్బుగా మారిపోతుంది. కడిగిన నీళ్లు చేతికి జారుగా తగలడం అందుకే.

ఏప్రిల్ 11
దర్జీ ఒకాయన సింగర్ మిషన్ తెచ్చాడు. నంబరు 'వై' అక్షరంతో మొదలు. అంటే స్కాట్లాండ్‌లోని క్లైడ్‌బ్యాంక్‌లో పుట్టింది. ఆ కార్ఖానా 1980లో మూతపడింది.

"మొత్తం గీకేసి కొత్త రంగు కొట్టుండ్రి సార్. మెరవాలె."

నూనె అద్దిన దూదితో మెల్లగా రుద్దాను. గోధుమ రంగు మకిలి కింద బంగారు తీగలు, పువ్వులు. వాటి పైపూత లక్క. స్పిరిట్ తగిలితే లక్క కరుగుతుంది, దాంతో పువ్వులూ పోతాయి. థిన్నర్ సీసా మూత తీయలేదు.

ఆయన వంగి చాలాసేపు చూశాడు. "ఇరవై ఏండ్ల సంది కుడుతున్న. ఇవి ఉన్నట్టే తెల్వదు. అట్లనే ఉంచుండ్రి."

మే 4
పెయింట్ రిమూవర్ డబ్బా మూత ఉబ్బింది. అందులోది మిథిలీన్ క్లోరైడ్. 40 డిగ్రీలకే మరుగుతుంది, అంటే మన మే మధ్యాహ్నానికే. తెల్లవారుజామున, ఆరుబయట మాత్రమే తీయాలి. పీలిస్తే ఒంట్లోకి పోయి కార్బన్ మోనాక్సైడ్‌గా మారుతుంది. ఇళ్లలో వాడే రిమూవర్లలో మిథిలీన్ క్లోరైడ్ ఉండకూడదని అమెరికాలో 2019లోనే ఆపేశారు. డబ్బా వాపసు చేశాను. ట్రూప్ బజార్‌లో ఇత్తడి తీగ బ్రష్ తీసుకున్నాను. ఇనుముకంటే మెత్తన.

మే 19
డ్రిల్లు అడుగు పూత నారింజ ఎరుపు. సిందూరం కావచ్చు, అంటే సీసం. ఇళ్లకు వేసే రంగుల్లో సీసం పది లక్షల పాళ్లకు 90 దాటకూడదన్న నిబంధన 2017 నవంబరులో అమలుకు వచ్చింది. ఈ పూత దానికి ఎంతో ముందుది. పొడిగా రుద్దితే ఆ దుమ్మంతా కుర్రాడి ఊపిరితిత్తుల్లోకే. తడి ఎమరీ, మాస్కు, కింద పాత పేపర్లు. మంట పెట్టి కాల్చడం అసలే లేదు. సబ్బుతో చేతులు కడిగే దాకా ఇద్దరికీ చాయ్ బంద్.

మే 27
బెల్టు మూత దగ్గర బూడిద రంగు లేచింది. ఆకుపచ్చ మీద గుండ్రంగా కుంకుమ బొట్టు, దాని పక్కన పసుపు. ఆయుధ పూజ నాటిది. మరుసటి ఏడు తుడవకుండా దాని మీదే రంగు వేశారు. కుర్రాడు చెప్పుల్లోంచి కాళ్లు తీశాడు. ఆ రోజుకు అక్కడితో పని ఆపాం.

జూన్ 8
మృగశిర. ఎగ్జిబిషన్ గ్రౌండ్స్‌లో చేప మందు. నిన్నటి నుంచే రోడ్డు పక్కన జనం పడుకున్నారు, పిల్లలు, దుప్పట్లు, సత్తు గిన్నెలు.

గాలిలో తడి. సోడాలోంచి తీసి కడిగిన గేరు, చాయ్ తాగి వచ్చేలోగా గోధుమ రంగుకు తిరిగింది. కడగడం, తుడవడం, బ్లోయర్ కొట్టడం, రెడ్ ఆక్సైడ్ వేయడం అన్నీ ఒక్క ఊపులో కావాలి. రంగు వేయని చోట నూనె.

మడ్డి పట్టిన చోట పిల్లర్ మీద ఒక్క తుప్పు చుక్క లేదు. తుప్పంతా రంగు వేసిన చోటే, పెచ్చుల కింద.

జూన్ 22
మొజంజాహీ మార్కెట్ మీదుగా వచ్చాను. 1935 నాటి కట్టడం. బాగుచేశాక రాయి రాయిలా కనబడుతోంది.

షాపులో కుర్రాడు పిలిచాడు. బేస్ మీద పోత అక్షరాలు బయటపడ్డాయి. బటాలా. పంజాబ్‌లో మిషన్లు పోసే ఊరు. ఆ పేరు ఇన్నాళ్లూ పూతల కింద పూడిపోయి ఉంది. వాడు వేలితో ఒక్కో అక్షరం తడిమి చదివాడు.

జూలై 2
మిషన్ బిగించాం. పిల్లర్‌కు, బల్ల పైభాగానికి రంగు లేదు. బెల్టు మూతను గీకనివ్వలేదు. బొట్టు చుట్టూ అంచు మాత్రం సాపు చేశాం.

రేపు కొనేవాళ్లు వస్తారు. ఒక్క మాట చెప్పాలి: దసరాకు రంగు వేయకండి. తుడిచి గ్రీజు పెట్టండి.