ఘాట్ ఎక్కే ముందు చక్రం తాకి చూడండి

ప్రొద్దుటూరులో ఉగ్గాని, బజ్జీ తిని బయల్దేరినప్పుడు అంతా బాగానే ఉంది. జేజిని పులివెందులలో ఆమె పుట్టింటికి తీసుకెళ్లాలి. అదీ జేజినాయన నడిపిన 1984 అంబాసిడర్‌లోనే. ఆమె షరతు అది!

బెంగళూరులో కోడ్ రాసుకునే నేను, రెండు నెలల ముందే ఆ బండికి ముందు డ్రమ్ములు తీయించి డిస్క్ బ్రేకులు వేయించా. మాస్టర్ సిలిండర్ మాత్రం పాతదే. పనిచేస్తోంది కదా, ఎందుకు మార్చాలి అనుకున్నా.

జమ్మలమడుగు వరకు రోడ్డు చదునే. బ్రేకు తొక్కింది నాలుగైదు సార్లే. అయినా ఊళ్లోకి వచ్చేసరికి మాడు వాసన. దిగి ముందు చక్రం తాకితే చెయ్యి చుర్రుమంది. ముద్దనూరు ఘాట్ ఇంకా ముందుంది.

మెకానిక్ జాకీ ఎత్తాడు. చక్రం చేత్తో తిప్పితే తిరగలేదు. ఎయిర్ తీసే నట్టు కొంచెం వదులు చేయగానే ఆయిల్ చిమ్మింది, చక్రం తిరిగింది.

"చూడబ్బీ, నువ్వు కాలు తీసినా లైన్లో ప్రెజర్ పోలా."

డ్రమ్ము బ్రేకుల మాస్టర్ సిలిండర్‌లో ఒక చిన్న వాల్వు ఉంటుంది. లైన్లో దాదాపు 10 పీఎస్ఐ ఒత్తిడిని పట్టి ఉంచుతుంది. డ్రమ్ములో షూలను వెనక్కి లాగే స్ప్రింగులు ఉంటాయి కాబట్టి ఇబ్బంది లేదు. డిస్కుకి అవి ఉండవు. ప్యాడ్లు రాసుకుంటూనే ఉంటాయి. వేడికి బ్రేకు ఆయిల్ మరిగితే ఆవిరి పుడుతుంది, పెడల్ నేలకి తగులుతుంది. డాట్ 3 ఆయిల్ కొత్తదైతే మరగడానికి కనీసం 205 డిగ్రీలు కావాలి. తేమ పీల్చిన పాతదైతే ఇంకా ముందే మరుగుతుంది.

జేజిని బంధువుల ఇంట్లో ఉంచి, మెకానిక్‌తో బస్సులో మళ్లీ ప్రొద్దుటూరు. స్పేర్ పార్ట్స్ షాపులో 3/4, 7/8, 1 అంగుళం బోర్లు ముందు పెట్టారు.

"పెద్దదే తీసుకుందామన్నా, గట్టిగా పడుతుంది" అన్నా.

ఆయన నవ్వాడు. "సన్న సిరంజి నొక్కితే ఎంత దూరం చిమ్ముతాది? లావుది నొక్కు చూద్దాం."

ఇంటర్‌లో చదివిన పాస్కల్ సూత్రమే! కాలి బలం అంతే ఉంటే, 1 అంగుళం కన్నా 3/4 అంగుళం బోరు దాదాపు 78 శాతం ఎక్కువ ఒత్తిడి ఇస్తుంది. బదులుగా పెడల్ అంతే ఎక్కువ దూరం దిగాలి. మా బండికి బూస్టర్ లేదు, అందుకే 3/4. అదీ టాండెం రకం. ముందు, వెనక లైన్లు వేరు కాబట్టి ఒకటి లీకైనా రెండోది ఆపుతుంది. సిలిండర్ ఫ్లోర్ కింద ఉండటంతో ఆయిల్ వెనక్కి జారకుండా ముందు లైనుకి 2 పీఎస్ఐ వాల్వు, వెనక డ్రమ్ములకి 10 పీఎస్ఐ వాల్వు.

బిగించాక గట్టిగా తొక్కితే పెడల్ కింద ఇంకా నాలుగు వేళ్ల జాగా మిగిలింది. ఆ జాగా లేకపోయుంటే 7/8 వేసేవాళ్లం.

మర్నాడు ఘాట్ ఎక్కి, సెకండ్ గేర్‌లో దిగా. ముద్దనూరులో ఆపి చక్రం తాకా. వెచ్చగా ఉంది, అంతే.

పులివెందుల దగ్గర చీనీ తోటలు కనబడగానే జేజి అంది: "మీ జేజినాయన ఆ ఘాట్‌లో నన్ను ఒక్కసారి కూడా భయపెట్టలా. నువ్వూ పర్లేదులే."