బండి కిందికి దూరి చూస్తే

ఏపీ 16 అన్న నంబరు చూడగానే తెనాలి మేస్త్రి బానెట్ జోలికి పోలేదు. ముందు డ్రైవరు సీటు బెల్టును చివరికంటా లాగి, లోపలి నుంచి వచ్చిన పట్టీని వెలుతురులో పెట్టి చూశాడు. తర్వాత సీటు వెనక్కి నెట్టి పట్టాల సందులో టార్చి వేశాడు. వెనక కార్పెట్టు ఎత్తి, రేకు మడతల్లో వేలు పెట్టి తుడిచి, ఆ వేలు మాకు చూపించాడు. దుమ్ము ఉంది, ఒండ్రు లేదు.

"మునిగిన బండి కాదు లెండి. ఇక బానెట్ ఎత్తండి," అన్నాడు.

ఏపీ 16 పాత కృష్ణా జిల్లా నంబరు. 2019లో రాష్ట్రమంతటికీ ఏపీ 39 ఒక్కటే వచ్చింది కాబట్టి ఆ తర్వాతి బండ్లను చూసి ఏ జిల్లావో చెప్పలేం. అంతకు ముందువాటికి ఆ ఆనవాలు మిగిలే ఉంది. 2024 సెప్టెంబరు మొదట్లో బుడమేరు వాగు విజయవాడ కాలనీల్లోకి వచ్చి కార్లనూ మోటారు సైకిళ్ళనూ వేలల్లో ముంచింది. అదే రోజుల్లో ప్రకాశం బ్యారేజీ నుంచి 11.43 లక్షల క్యూసెక్కులు కిందికి వదిలారు. 2009 నాటి రికార్డు చెరిగిపోయింది. ఇలా మునిగిన బండ్లలో బాగుచేయడం దండగనుకున్న వాటికి బీమా కంపెనీలు పూర్తి నష్టం కట్టి, ఆ బండ్లను వేలంలో అమ్ముతాయి. పాడుకున్నవాళ్ళు బాగుచేసి మళ్ళీ అమ్ముతారు. కొనేవాడికి ఆ సంగతి చెబితే అందులో తప్పేం లేదు. చెప్పేవాళ్ళే తక్కువ. సీటు బెల్టు చివర మిగిలే బురద గీతే చాలాసార్లు చెప్పాల్సి వస్తుంది.

బండి మా బావది. ఆయనకు రేపల్లె దగ్గర రొయ్యల చెరువులున్నాయి. 2015 మోడల్ డీజిల్ ఎస్‌యూవీ, చాసిస్ మీద కట్టిన బండి, ఇంజిను వెనక చక్రాల్ని తిప్పేది. కొనగానే సీటు కవర్లకూ మ్యూజిక్ సిస్టమ్‌కూ రేట్లు కనుక్కుంటుంటే నేను అడ్డం పడ్డాను. ముందు ఇంజినును తెనాలిలో, అడుగు భాగాన్ని రేపల్లెలో, వైరింగును బాపట్లలో చూపిద్దాం బావా అన్నాను. ఈ మూడు చోట్లా బండికి పట్టే రోగాలు వేరు గానీ, వాటన్నిటికీ మూలం నీళ్ళే. కాలవ నీళ్ళు, చెరువు నీళ్ళు, సముద్రపు గాలిలోని తడి. పదివేల కిలోమీటర్లకోసారి సర్వీసు అని పుస్తకంలో రాసినవాళ్ళు ఈ డెల్టాను చూసి రాయలేదు.

తెనాలి షెడ్డు కాలవకు దగ్గర్లోనే ఉంది. మేస్త్రికి అరవై దాటి ఉంటాయి. సర్వీసు పుస్తకం అడిగాడు. లేదన్నాం. మీటరు 1,38,000 చూపిస్తోందని బావ చెప్పబోతే వారించాడు.

"ఆ అంకెతో నాకు పని లేదండి. మీటరైతే తిప్పొచ్చు. రబ్బరును తిప్పలేరు గదా?"

అంటూ క్లచ్ పెడలు మీది రబ్బరు చూశాడు. గీతలు పూర్తిగా అరిగి నున్నగా ఉంది. స్టీరింగు పైభాగంలో తోలు మెరుస్తోంది. లక్షా ముప్పై ఎనిమిది వేలు కాదు, ఇంకా ఎక్కువే తిరిగి ఉంటుందన్నాడు. కంపెనీ వర్క్‌షాపులో చాసిస్ నంబరు చెబితే అక్కడ జరిగిన సర్వీసులు, అప్పటి కిలోమీటర్లు కంప్యూటర్‌లో దొరుకుతాయి. బండి కొనకముందే చేయాల్సిన పని అది. మేం తర్వాత చేశాం. ఆయన అంచనాయే నిజమైంది.

ఇంజిను ఆడుతుండగా ఆయిలు మూత తీసి ఎగతన్నే గాలిని అరచేత్తో చూశాడు. బ్యాక్ కంప్రెషన్ లేదు, బోరు బాగుంది. గేజి బయటికి లాగితే ఆయిలు నల్లగా ఉంది. డీజిలు బండికి నలుపు భయం కాదట, మసి పట్టుకుని ఉంటుంది గనుక. ఆయిల్లో తెల్లటి నురగ కనిపిస్తేనే భయపడాలి, అంటే రేడియేటర్ నీళ్ళు కలుస్తున్నాయని. రేడియేటర్‌లో మాత్రం అసలు కూలంటే లేదు. ఎవరో ఎక్కడో ఆగినప్పుడు మామూలు నీళ్ళు పోసి వదిలేశారు. నీళ్ళు ఇటుక రంగులో ఉన్నాయి. కూలంటులో ఉండే మందు లోపలి ఇనుమునూ అల్యూమినియాన్నీ తుప్పు నుంచి కాపాడుతుంది. అది లేని నీళ్ళు వాటర్ పంపునూ రేడియేటర్ గొట్టాలనూ లోపలి నుంచి తినేస్తాయి. మొత్తం కడిగించి, కూలంటూ డిస్టిల్డ్ వాటరూ సగం సగం పోయించాడు.

అన్నిటికన్నా ఎక్కువసేపు ఆయన నిలబడింది టైమింగ్ బెల్ట్ దగ్గర. క్రాంకు తిరిగే తీరుకూ వాల్వులు తెరుచుకునే తీరుకూ జత కుదిర్చేది అదే. కొన్ని ఇంజిన్లలో అక్కడ ఇనుప చైను ఉంటుంది. రెనో డస్టర్ డీజిల్ లాంటి వాటిలో పళ్ళున్న రబ్బరు బెల్టు ఉంటుంది. మా బావ బండిలోనూ బెల్టే. రబ్బరు తిరిగిన దూరానికే కాదు, గడిచిన ఏళ్ళకూ ఎండుతుంది. తెగే ముందు చాలాసార్లు శబ్దమూ రాదు, పొగా రాదు. తెగాక మాత్రం పైకొచ్చే పిస్టన్లు తెరిచి ఉన్న వాల్వుల్ని గుద్దుతాయి. వాల్వులు వంగుతాయి, ఒక్కోసారి పిస్టన్లూ పోతాయి. అప్పుడిక ఇంజిను విప్పాల్సిందే.

"మార్చినట్టు బిల్లుందా?"

"అమ్మినాయన మార్పించానన్నాడు," అన్నాడు బావ.

"బిల్లు లేదంటే మారనట్టేనండి."

కొన్ని బండ్లలో బెల్టు మార్చాల్సిన దూరం రాగానే మీటరు మీద లైటు వెలుగుతుంది. బెల్టు ముట్టకుండా ఆ లైటును రీసెట్ చేసి ఆర్పడం కొద్ది నిమిషాల పని. అందుకే లైటు వెలగలేదని ధైర్యపడటానికి లేదు. బెల్టుతోపాటు టెన్షనరూ బేరింగులూ కూడా మార్చమన్నాడు. బెల్టు కొత్తదై బేరింగు పాతదైతే, బేరింగు బిగుసుకున్న రోజు కొత్త బెల్టూ పోతుంది. విప్పిన పాత బెల్టును వెనక్కి మడిచి మాకు చూపించాడు. పళ్ళ మొదళ్ళలో సన్నటి బీటలు వరసగా ఉన్నాయి. ఖర్చు ఎంతవుతుందని అప్పటిదాకా పదేపదే అడిగిన బావ మళ్ళీ ఆ మాట ఎత్తలేదు.

ఆ పని అయ్యేదాకా షెడ్డు మూలనున్న తుక్కు గోనెల దగ్గర కూర్చున్నాను. తెనాలిలో ఇలాంటి తుక్కుకు ఇంకో దారి కూడా ఉంది. సూర్య శిల్పశాల కాటూరి వెంకటేశ్వరరావు, ఆయన కుమారుడు రవిచంద్ర నట్లూ బోల్టులూ గేరు చక్రాలూ చైన్లూ అతికించి విగ్రహాలు చేస్తారు. 2021లో ప్రధాని మోదీ 14 అడుగుల విగ్రహాన్ని ఇనుప తుక్కుతోనే నిలబెట్టారు. నేను ఆ గోనెలోంచి బేరింగులు కొన్ని తీసి తిప్పి చూశాను. వయసుకు అరిగినవి తక్కువ. గ్రీజు లేక మాడి నల్లబడినవే ఎక్కువ. ఇంకా కొన్నేళ్ళు తిరగాల్సినవి అవి.

తెనాలి నుంచి వేమూరు, భట్టిప్రోలు మీదుగా రేపల్లె. రైలు మార్గం అక్కడితో ఆగిపోతుంది. పెనుమూడి వంతెన దాటితే దివిసీమ. రేపల్లె షెడ్డులో లిఫ్టు లేదు, గొయ్యి ఉంది. మెకానిక్ కుర్రాడు అందులోకి దిగి బండి అడుగంతా చూశాక, మొదట వెనక ఇరుసు హౌసింగు బోల్టు విప్పాడు. డబ్బాలో పడ్డ ఆయిలు పాలు పోసిన టీ రంగులో ఉంది.

"నీళ్ళు తాగిందన్నా," అన్నాడు బావతో.

మునగని బండికి నీళ్ళెట్టా వచ్చాయని నేనడిగాను. అతను చెప్పింది ఇదీ. హౌసింగులో క్రౌన్, పినియన్ గేర్లుంటాయి. కాసేపు పరుగెత్తాక అది బాగా వేడెక్కుతుంది. అప్పుడే వాగులోనో చెరువు గట్టు పక్కన నిలిచిన నీళ్ళలోనో ఇరుసుదాకా దిగితే లోపలి గాలి చప్పున చల్లబడి కుంచించుకుపోతుంది. ఆ ఖాళీ నింపుకోవడానికి గాలి పీల్చే సన్న గొట్టం గుండా, అరిగిన సీలు గుండా నీళ్ళు లోపలికి పోతాయి. డ్రైవరుకు ఏమీ తెలియదు. నెలల తర్వాత వెనక నుంచి కూత మొదలవుతుంది, అప్పటికి గేర్లు పాడయి ఉంటాయి. ఆక్వా చెరువులకు తిరిగే బండ్లలో, వరదలప్పుడు లంక గ్రామాలకు పోయొచ్చిన బండ్లలో ఇది తరచూ చూస్తానన్నాడు. కొత్త ఆయిలు పోసి, వెయ్యి కిలోమీటర్లు తిరిగాక అది కూడా తీసేసి ఇంకోసారి పోయమన్నాడు. లోపల అంటుకున్న తడి మొదటిసారికే పోదు. సీలు మార్చాడు, గాలి గొట్టంలో పేరుకున్న మట్టి తీశాడు. గేరుబాక్సు ఆయిలు బాగానే ఉంది, అయినా మార్పించాం. ప్రొపెల్లర్ షాఫ్టు క్రాసులకు గ్రీజు గన్ను పెడితే ముందు తుప్పు నీళ్ళు కారి, తర్వాత గ్రీజు వచ్చింది.

బ్రేక్ ఆయిలు సంగతి మనవాళ్ళు బొత్తిగా పట్టించుకోరు. డబ్బాలో మట్టం తగ్గకపోతే చాలనుకుంటారు. ఆ ఆయిలు గాలిలోని తడిని పీల్చుకుంటుంది. కొత్త డాట్ 4 ఆయిలు కనీసం 230 డిగ్రీల దాకా మరగకూడదని ప్రమాణం. 3.7 శాతం నీరు చేరాక ఆ ప్రమాణం 155 డిగ్రీలకు దిగిపోతుంది. మరిగిందంటే గొట్టాల్లో ఆవిరి బుడగలు చేరి, పెడలు తొక్కితే మెత్తగా కిందికి పోతుంది. బండి ఆగదు. రేపల్లెలో ఘాట్ రోడ్లెక్కడివి అనుకోకూడదు. ఇదే బండిలో పిల్లల్నీ పెద్దల్నీ ఎక్కించుకుని శ్రీశైలమూ తిరుమలా పోతారు. దిగేటప్పుడు కాలు బ్రేకు మీదే ఉంటుంది. రెండేళ్ళకోసారి మార్చాల్సిన ఆ ఆయిలు మా బండిలో ముదురు గోధుమ రంగుకు తిరిగి ఉంది. నాలుగు చక్రాల దగ్గరా పాతదంతా దించి కొత్తది ఎక్కించాడు.

ఆ కుర్రాడు చెప్పిన ఇంకో మాట కూడా ఇక్కడి బండి యజమానులందరికీ చేరాలి. మా బావ బండిని చెరువు దగ్గర బోరు నీళ్ళతో రోజూ కడిగిస్తాడు. ఆ బోర్లలో వచ్చేది ఉప్పు నీరు. కడిగిన ప్రతిసారీ చాసిస్ మడతల్లో ఉప్పు పూసినట్టే. కాలవ నీళ్ళు గానీ మంచి నీళ్ళు గానీ దొరికిన రోజే కడగండి, వారానికొకసారి చాలు అన్నాడు. కడిగాక చాలామంది అడుగు భాగానికి పాత ఇంజిన్ ఆయిలు కొట్టిస్తారు. ఇనుము నిగనిగలాడుతుంది గానీ ఆ ఆయిలుకు బుష్షుల రబ్బరు ఉబ్బి మెత్తబడుతుంది. తుప్పు మీదే నల్లటి కోటింగు పూయించడం ఇంకా చెడ్డది. లోపల తడి బందీ అయి, పైకి నున్నగా కనిపిస్తూనే రేకు తినేసుకుంటుంది. వైరు బ్రష్షుతో తుప్పు గీకి, బాగా ఆరనిచ్చి, రెడ్ ఆక్సైడు వేసి, ఆ తర్వాతే కోటింగు. తలుపుల అడుగున నీళ్ళు కారే రంధ్రాలు మట్టితో పూడిపోయాయి. అగ్గిపుల్లతోనే తీశాడు. ఒక తలుపులోంచి గ్లాసెడు నీళ్ళు కారాయి.

216 జాతీయ రహదారి మీద కర్లపాలెం దాటి బాపట్ల చేరాం. 2023 డిసెంబరు 5న మిచౌంగ్ తుపాను తీరం దాటింది ఈ బాపట్ల దగ్గరే. సూర్యలంక గాలి ఊళ్ళోకి వస్తూనే ఉంటుంది. ఆటో ఎలక్ట్రీషియన్ పని తొందరగానే అయింది. బ్యాటరీ నుంచి చాసిస్‌కు పోయే ఎర్త్ వైరు కింద చిలుము పట్టి ఉంటే గీకి, శుభ్రం చేసి, పెట్రోలియం జెల్లీ పూసి బిగించాడు. హెడ్‌లైట్ల కనెక్టర్లలో పచ్చగా పేరుకున్నది తుడిచాడు. సెన్సారు చెడిందని వేలకు వేలు పోసి మార్పించేవాటిలో కొన్ని ఈ ఎర్త్ దగ్గరే బాగవుతాయన్నాడు. డీజిల్ ఫిల్టర్ అడుగున నీళ్ళు వదిలే మర ఎక్కడుందో బావకు చూపించి, ఆయన చేతే తిప్పించాడు.

కాగితాలు కూడా నిర్వహణ కిందే లెక్క. ఆర్సీ పేరు మార్పుకు కొన్నవాళ్ళు 30 రోజుల్లోగా దరఖాస్తు చేయాలి. బీమా పాలసీని తమ పేరుకు మార్చమని 14 రోజుల్లోగా అడగాలి. బావ మొదటిది చేశాడు, రెండోది మరిచాడు. బాపట్ల నుంచే ఫోనులో దరఖాస్తు పెట్టించాను.

మిగిలినవి టైర్లు. పక్క గోడ మీద చివరి నాలుగంకెలు 1218. అంటే 2018లో 12వ వారం తయారీ. గాడి లోతు బాగానే ఉంది కాబట్టి ఇంకో ఏడాది నడుస్తాయని బావ వాదన. టైర్ల షాపాయన పక్క గోడను వంచి, రబ్బరులో వెంట్రుకల్లాంటి బీటలు చూపించాక ఆ వాదన ఆగింది. చెరువు పట్టుబడి వచ్చే నెల. డబ్బు చేతికి రాగానే నాలుగూ మార్పిస్తానన్నాడు. అప్పటిదాకా హైవే మీద 80 దాటనని నాకు మాటిచ్చాడు. ఆ మాట మా అక్కకు కూడా ఫోనులో చెప్పించాను.