నీచుడు అనే మాట ఎవరికి వర్తిస్తుంది?

ఒక సమాజం ఎవరిని అధఃస్థానంలో నిలిపిందో తెలుసుకోవడానికి దాని శాసనాలకన్న దాని నిందాపదాలే స్పష్టమైన సాక్ష్యం. కీర్తించే మాటను మనిషి ఆలోచించి ఎన్నుకొంటాడు. నిందించే మాట అభ్యాసవశాన నోటినుండి వెలువడుతుంది. ఆంగ్లంలోని నీచార్థక పదాలను ప్రాచీన గ్రీకుభాషలోనికి పరివర్తింపబూనిన అనువాదకునికి ఈ విషయం తొలి పదం వద్దనే ఎదురవుతుంది.

‘బేస్’ అనే ఆంగ్ల విశేషణానికి మూలార్థం ‘ఎత్తు తక్కువైనది’ అని మాత్రమే. కాలక్రమాన విలువ తక్కువ లోహానికీ, తక్కువ పుట్టుకకూ, తుచ్ఛమైన నడవడికీ ఆ ఒక్క మాటే చెల్లింది. గ్రీకులో ఒక్క మాట చాలదు. కల్తీ నాణెం ‘కిబ్దేలోస్’. వంశహీనుడు ‘అగెన్నేస్’. సిగ్గుమాలినది ‘ఐస్ఖ్రోస్’. కొరగానివాడు ‘ఫౌలోస్’. దుష్టుడు ‘కకోస్’ లేదా ‘పొనేరోస్’. కనుక ఈ మనిషి దేనిలో తక్కువ అనే ప్రశ్నకు అనువాదకుడు ముందుగా సమాధానం చెప్పుకోవాలి. పుట్టుకలోనా, సంపదలోనా, వృత్తిలోనా, శీలంలోనా? ఆంగ్లవాక్యం ఈ ప్రశ్నను దాచిపెట్టగలదు; గ్రీకువాక్యం దాచనీయదు.

అయితే గ్రీకుపదాలు మాత్రం నిర్మలమైనవని భావించరాదు. క్రీ.పూ. 6వ శతాబ్దానికి చెందిన మెగారా కవి థియోగ్నిస్ పద్యాలలో ‘అగథోస్’, అనగా మంచివాడు, తరచు ప్రభువంశీయుడే. ‘కకోస్’, అనగా చెడ్డవాడు, తరచు సామాన్యుడే. గుణమూ వంశమూ అక్కడ ఒకే మాటలో కలిసిపోయాయి.

‘పొనేరోస్’ చరిత్ర మరింత బాధాకరం. ‘పొనోస్’ అంటే శ్రమ. దానినుండి ఏర్పడిన ఈ పదానికి కష్టభారంతో క్రుంగినవాడని తొలి అర్థం. దుష్టుడని తరువాతి అర్థం. ‘మొఖ్థేరోస్’ కూడ ఇదే దారిన నడిచింది. ప్రాచీన వ్యాకర్తలు కొందరు ఈ రెండర్థాలనూ స్వరంతో వేరుచేశారు. తొలి అక్షరంపై స్వరముంటే శ్రమపీడితుడు, చివరి అక్షరంపై ఉంటే దుర్మార్గుడు. గ్రీకుస్వరం కూడ వేదస్వరంవలె నాదంయొక్క హెచ్చుతగ్గులకు సంబంధించినదే. ‘ఇంద్రశత్రు’ శబ్దంలో స్వరం తప్పి త్వష్ట యజ్ఞం వికటించిన వృత్తాంతం ఎరిగినవారికి ఈ సూక్ష్మత క్రొత్త కాదు. ఇక్కడ ఆ స్వరభేదం ఒక మనిషిని బాధితునిగా చూడాలా, దోషిగా చూడాలా అనే విషయాన్ని నిర్ణయిస్తున్నది.

‘ఇగ్నోబుల్’ అనే మాటకు ‘అగెన్నేస్’ సహజమైన అనువాదమని తోస్తుంది. ధాతువులు మాత్రం వేరు. ఆంగ్లపదం లాటిన్ ద్వారా ‘జ్ఞా’ ధాతువుకు సోదరమైన మూలంనుండి వచ్చింది; దాని ప్రకారం నీచుడంటే లోకం ఎరుగనివాడు. గ్రీకుపదం ‘జన్’ ధాతువుకు బంధువు. దాని ప్రకారం నీచుడంటే మంచి పుట్టుక లేనివాడు. ఒక భాష ప్రసిద్ధిని కొలిచింది, మరొకటి జన్మను కొలిచింది. శీలాన్ని రెండూ కొలవలేదు.

చలనచిత్రాలవలన ‘విలన్’ అనే మాట తెలియని తెలుగువారు లేరు. మధ్యయుగపు లాటిన్‌లో ‘విల్లానుస్’ అంటే యజమాని వ్యవసాయక్షేత్రంలో పాటుపడే పల్లెవాడు. గ్రీకులో పొలం ‘అగ్రోస్’. అక్కడ నివసించే మోటువాడు ‘అగ్రోయికోస్’. పట్టణం ‘అస్తు’, సంస్కారవంతుడు ‘అస్తేయోస్’. గ్రామ్యమనీ నాగరికమనీ తెలుగులో చేసే విభాగమూ ఇట్టిదే. అయినను ‘విలన్’ను ‘అగ్రోయికోస్’ అని అనువదించరాదు. మోటుదనం నేరం కాదు. అక్కడ మూలార్థం కుదురుతుంది గాని న్యాయం తప్పుతుంది.

చేతిపనివానిని ‘బనౌసోస్’ అన్నారు. అదే అల్పబుద్ధికి పేరైంది. జెనొఫోన్ ‘ఒయికొనొమికోస్’ గ్రంథంలో సోక్రటీసు ఈ వృత్తులు నీడలోనూ అగ్నిసమీపంలోనూ కూర్చుండబెట్టి దేహాన్ని చెడగొడతాయనీ, మిత్రులకూ నగరానికీ తీరిక మిగల్చవనీ అంటాడు. సంప్రదాయం చెప్పేదాని ప్రకారం ఆ సోక్రటీసు తండ్రి శిలలు చెక్కినవాడే. బానిసకు ‘అంద్రాపొదోన్’ అనే పేరు మరీ క్రూరం. నాలుగు పాదాల పశువును తెలిపే మాటను అనుసరించి ‘మనిషి పాదాలు గలది’ అని కల్పించిన నపుంసకలింగ పదమది. దానిలో మనిషి లేడు, పాదాలు మాత్రమే ఉన్నాయి.

ఇక ‘హంబుల్’ అనే మాట సాధకులకు అత్యంత సన్నిహితం. దాని మూలం నేలను తెలిపే లాటిన్ పదం. గ్రీకు ‘టపెయినోస్’ కూడ పల్లపు నేలనుండి వచ్చినదే. కానీ ఏథెన్సు రచయితలకు ఆ మాట సాధారణంగా అణగిపోయిన, వెన్నెముక లేని మనిషిని తెలిపింది. ప్లేటో ‘లాస్’ అనే గ్రంథంలో దైవధర్మాన్ని అనుసరించి నడిచేవానికి దానిని ప్రశంసగా వాడడం అరుదైన ప్రయోగం. క్రీ.శ. 1వ శతాబ్దపు క్రైస్తవ గ్రంథాలలో అది సద్గుణమైంది. ఆంగ్లపదం ఆ పరంపరకు వారసురాలు. కనుక వినయశీలుడైన జ్ఞానిని ఏథెన్సు గ్రీకులో ‘టపెయినోస్’ అంటే అతనిని అవమానించినట్లే. మితమెరిగిన ‘మెత్రియోస్’, నిగ్రహవంతుడైన ‘సోఫ్రోన్’ అతనికి తగినవి. భయంతో వంగిన తల, వినయంతో వంగిన తల చూపులకు ఒక్కటే. మాట వాటిని వేరుచేయాలి.

ఆ వివేకాన్ని అందరికన్న తీవ్రంగా పాటించినవాడు ఎపిక్టెటస్. ఫ్రిజియాలోని హియెరాపొలిస్‌కు చెందిన ఆయన రోమునగరంలో బానిసగా జీవించి, విముక్తుడై, నికొపొలిస్‌లో తత్త్వబోధ చేశాడు. ఆయన పేరుకే ‘సంపాదింపబడినవాడు’ అని అర్థం. శిష్యుడైన ఆరియన్ భద్రపరచిన ప్రసంగాలలో, తాను దైవసంతానమని నిజంగా ఎరిగినవాడు తన గురించి ‘అగెన్నేస్’ అనీ ‘టపెయినోస్’ అనీ ఎన్నడూ తలచడని ఆయన బోధిస్తాడు. మరొకచోట, వేడినీరు చల్లారిపోయి వచ్చినందుకు దాసునిపై మండిపడే యజమాని ప్రస్తావన వస్తుంది. ఆ దాసుడు కూడ దైవసంతానమే, నీ సోదరుడే, అతనిని సహించలేవా అని అడుగుతూ, ఎపిక్టెటస్ ఆ యజమానినే ‘అంద్రాపొదోన్’ అని పిలుస్తాడు.

ఆ పదం ఎవరికొరకు కల్పింపబడిందో వారిలో ఒకడైనవాడు దానిని యజమానుల వైపు మరలించాడు. ఈ సందర్భాన్ని భాషాంతరం చేసేవాడు ఆ పిలుపును సామాన్యమైన తిట్టుగా పలుచన చేయరాదు. బానిస అనే అర్థం అక్కడ పూర్తిగా నిలవాలి. అప్పుడే నీళ్లు తెచ్చిన మనిషి తలెత్తుకొని నిలుస్తాడు.