నల్ల తుప్పు

తుప్పు తీయడమంటే ఇనుమును కొంచెం తీయడమే. మిస్త్రీ చెప్పేదాకా నాకీ సంగతి తట్టలేదు. తుప్పు అంటే దుమ్ములాగా బయట్నుంచి వచ్చి కూర్చునేది అనుకునేదాన్ని. అది ఇనుమే, గాలీ నీళ్ళూ తాగి రూపం మారిన ఇనుము. గీకి పారేసే ఎర్ర పొడి అంతా ఒకప్పుడు ఆ గొట్టం మందంలో ఉన్నదే.

గొట్టం అంటే మా ఇంట్లోని పాత ట్వెల్వ్ బోర్ డబుల్ బారెల్ తుపాకీది. ఇంగ్లండులో తయారైంది. గొట్టాల అడుగున బర్మింగ్‌హామ్ ప్రూఫ్ హౌస్ వాళ్ళ బుల్లి కిరీటం ముద్రలున్నాయి. తాతయ్య 1951లో మద్రాసులో సెకండ్ హ్యాండ్‌లో కొన్నాడట. మాది కొల్లేటి పక్క ఊరు. చలికాలం తెల్లవారుజామున దోనెలో వెళ్ళి పరజల్ని కొట్టుకొచ్చేవాళ్ళని నాన్న చెబుతాడు, పెద్ద ఇష్టంగా కాదు. 1972లో వన్యప్రాణి సంరక్షణ చట్టం వచ్చింది, 1999లో కొల్లేరు అభయారణ్యమైంది. తాతయ్య పోయాక లైసెన్సు నాన్న పేరుకి మారింది. నాన్న దాన్ని పేల్చడం నేను ఒక్కసారి కూడా చూడలేదు. నాకు తెలిసి అది చేసే పని ఒకటే, ఎన్నికలప్పుడు పోలీస్ స్టేషన్‌కి వెళ్ళి రావడం.

తెలియనివాళ్ళకి చెప్పాలి. ఎన్నికల కోడ్ రాగానే లైసెన్సు ఉన్న తుపాకులు స్టేషన్లో అప్పగించి రసీదు తీసుకోవాలి. 2024 మార్చిలో ఇచ్చాం. జూన్‌లో ఫలితాలొచ్చాయి. మేం తెచ్చుకునేసరికి ఆగస్టు. కాన్వాస్ సంచీ జిప్పు తీస్తే లోపల ఎర్రగా, గరుగ్గా, పసుపు కొమ్ము తొక్కలాగా ఉంది గొట్టం. స్టేషన్ వాళ్ళనేమీ అనను. తప్పు ఆ సంచీది. గుడ్డ తేమ పీల్చి ఇనుముకి అంటించి ఉంచుతుంది. తుపాకీని సంచీలో దాచకూడదని ఇన్నేళ్ళలో మాకెవరూ చెప్పలేదు.

నాన్నకి డెబ్భై నాలుగు. 2016 ఆయుధాల నిబంధనల ప్రకారం, లైసెన్సుదారుకి డెబ్భై దాటితే బతికుండగానే వారసులకి ఇవ్వొచ్చు. అంటే నాకు, లేదా సరెండర్. హైదరాబాద్‌లో టూ బెడ్‌రూమ్ ఫ్లాట్‌లో ఉండే నాకు తుపాకీ ఎందుకు? నాన్న అడిగిందీ అదే. “ముందు బాగు చేయిద్దాం, తర్వాత ఆలోచిద్దాం” అన్నాను. ఇద్దరం లైసెన్సు పుస్తకం, రసీదు పట్టుకుని ఒక పాత తుపాకుల కొట్టుకి వెళ్ళాం.

మిస్త్రీ అరవై దాటిన మనిషి. గొట్టాన్ని ట్యూబ్ లైట్ కింద తిప్పితిప్పి చూశాడు. “గుంటలు పోయేదాకా పాలిష్ కొట్టొద్దు బాబుగారూ” అన్నాడు నాన్నతో. రెండు కారణాలు చెప్పాడు. గొట్టం పలచబడుతుంది, అది ప్రమాదం. పైగా నంబరు చెరిగితే నేరం. ఆ సంగతి 1959 ఆయుధాల చట్టంలోనే ఉంది. లైసెన్సులో రాసిన నంబరు తుపాకీ మీద కనబడాలి. కొత్తదానిలా చేయాలనే ఉత్సాహంలో మనవాళ్ళు దాని పుట్టుపూర్వోత్తరాలే రుద్దేస్తారు.

ఇక పైపూత. మామూలుగా బ్లూయింగ్ అంటే వేడి తొట్టి పని. కాస్టిక్ సోడా, నైట్రేట్ లవణాలు కలిపి నూట నలభై డిగ్రీల దాకా మరిగించి అందులో ముంచుతారు. అరగంటలో నల్లగా నిగనిగలాడుతుంది. కానీ మా తుపాకీ రెండు గొట్టాలనీ కలిపే పట్టీలు తగరం, సీసంతో మాటు వేసినవి. కాస్టిక్ ఆ మాటుని తినేస్తుంది. పట్టీ కింద చిక్కుకున్న ఉప్పు నెలల తర్వాత బయటికొచ్చి మళ్ళీ తుప్పు పట్టిస్తుంది. అది కుదరదు. సీసాలో దొరికే కోల్డ్ బ్లూ ఐదు నిమిషాల్లో నల్లబరుస్తుంది, చేతి చెమటకే పోతుంది. ఫాస్ఫేట్ పూత ఉంది. బూడిద రంగు, గరుకు, నూనెని బాగా పట్టి ఉంచుతుంది. కానీ సైన్యం తుపాకుల వేషం అది, మా దానికి నప్పదు.

నాన్నకి నచ్చింది సెరాకోట్. సిరామిక్ కలిసిన రంగు. స్ప్రే చేసి ఓవెన్లో ఆరబెడతారు. తేమకీ చెమటకీ బ్లూయింగ్ కంటే చాలా బాగా ఆగుతుందని నేనూ చదివాను. “ఒకసారి వేస్తే మళ్ళీ చూసుకోనక్కర్లేదు కదా” అన్నాడు నాన్న. నిజమే. ఆ మాటే నాకు నచ్చలేదు. దానికి ముందు గొట్టాన్ని ఇసుకలాంటి పొడితో ఊది గరుకు చేయాలి. ఆ తర్వాత ఆ బుల్లి కిరీటాల గతి ఏమిటి?

నేను దాచిన సంగతి ఇంకోటుంది. గొట్టాల అడుగున, ముందు చెక్క దాటాక, ఒక జానెడు మేర పాత నలుపు అస్సలు లేదు. తుపాకీని ఒక చేత్తో పట్టుకు నడిస్తే బరువు సరిగ్గా తూగే చోటు అది. తాతయ్య ఎడమ చెయ్యి ముప్పై ఏళ్ళపాటు అరగదీసిన చోటు. చిన్నప్పుడు ఆ తెల్లటి మచ్చ మీద నా అరచెయ్యి ఆనించి చూసుకునేదాన్ని. ఇప్పుడు తుప్పు అక్కడే ఎక్కువగా తినేసింది, పూత లేదు కాబట్టి. కాపాడాలంటే కప్పాలి. కప్పితే అది ఉండదు.

కొత్త మందేమీ పూయకుండా ఉన్న తుప్పునే నీళ్ళలో మరిగించి, నల్లబరిచి, మైనం పట్టిస్తే చాలదా అని మిస్త్రీని అడిగాను. మ్యూజియం పద్ధతి. చేయొచ్చన్నాడు. మచ్చ మచ్చలాగే ఉంటుందన్నాడు. సంతోషంగా నాన్నకి చూపించి, ఇది తాతయ్య చెయ్యి కదా, ఉంచేద్దాం అన్నాను.

“ఆ చెయ్యేగా నన్ను కొట్టింది” అన్నాడు నాన్న.

కోపంగా కాదు, టైమెంతయింది అంటే చెప్పినట్టు. తర్వాత మిస్త్రీ వైపు తిరిగి, “మొత్తం నల్లగా చెయ్యండి” అన్నాడు. నేనింక మాట్లాడలేదు. ఆ చేతి గురించి నాకు తెలిసింది ఒక జానెడు, ఆయనకి తెలిసింది ఇంకెంతో.

సెరాకోట్ మాత్రం వద్దన్నాను. చివరికి ముగ్గురం ఒప్పుకున్నది రస్ట్ బ్లూయింగ్. తుప్పుతోనే తుప్పుని ఆపే పద్ధతి. గొట్టాల రెండు చివరలా చెక్క బిరడాలు కొట్టి, జిడ్డంతా కడిగి, పలుచగా ఆసిడ్ మందు పూసి తేమలో ఉంచుతారు. చలి దేశాల్లో దీనికి ప్రత్యేకంగా చెమ్మ పెట్టె కావాలట. “మనకెందుకమ్మా పెట్టె, శ్రావణం ఉందిగా” అన్నాడు మిస్త్రీ. పాడుచేసిన గాలే బాగుచేసే పని కూడా చేసింది. కొన్ని గంటల్లో సన్నటి ఎర్ర నూగు వస్తుంది. రేకుతో చేసిన పొడవాటి తొట్టిలో బ్యాటరీ వాటర్ మరిగించి అందులో ఉంచుతారు. బోరు నీళ్ళు పనికిరావు, అందులోని లవణాలు మరకలు వేస్తాయి. పావుగంట మరిగేసరికి కళ్ళముందే ఎరుపు నలుపవుతుంది. ఎర్ర తుప్పు వదులుగా ఉండి తేమని లోపలికి రానిస్తుంది. నల్లది మాగ్నెటైట్, ఇనుముని అంటిపెట్టుకుని ఉంటుంది, నూనెని పట్టుకుంటుంది. పైన రాలే నల్ల పొడిని సన్నటి స్టీలు పీచుతో దువ్వి మళ్ళీ మొదటికి. మాకు ఆరుసార్లు పట్టింది. (దోసె పెనం నలుపుతో పోల్చాలనిపిస్తుంది కానీ అది ముఖ్యంగా మాడిన నూనె, వేరే సంగతి.)

మిస్త్రీ చేతులకి గ్లవ్స్ వేసుకునే ముట్టుకున్నాడు. వేలి జిడ్డు తగిలినచోట మందు పట్టదట. ఆ మచ్చనయితే రెండుసార్లు ఎక్కువ కడిగాడు.

పని అయ్యాక చూస్తే గొట్టం మెరవడం లేదు. పట్టులాంటి నలుపు. గుంటలు గుంటల్లాగే ఉన్నాయి, నంబరు ఉంది, కిరీటాలున్నాయి. మచ్చ లేదు. లేదనే అనుకున్నాం. కిటికీ దగ్గర వాలుగా పట్టుకుంటే మాత్రం ఆ జానెడు మేర గుంటలు ఎక్కువ ఉండటం వల్ల కాస్త మందంగా, వేరుగా కనిపిస్తుంది. నాన్న అటూ ఇటూ తిప్పి, “ఊఁ” అని నా చేతికిచ్చేశాడు.

మిస్త్రీ ఒక మాట గట్టిగా చెప్పాడు. ఈ నలుపు ఒక్కటే ఏమీ ఆపలేదు, దాని మీద నూనె ఉండాలి. మా ఊరి గాలికి నెలకోసారి, వర్షాకాలం పదిహేను రోజులకోసారి తుడవాలి. సంచీ పారేయాలి. అన్ని పూతల్లోకీ ఎక్కువ చాకిరీ కోరేదాన్ని మేం ఎంచుకున్నాం. దానికోసం నేను నెలకోసారి ఊరొస్తానని మాటిచ్చాను. లైసెన్సు దరఖాస్తు ఇంకా పెట్టలేదు.

మూడో నెల నాన్న ఫోన్ చేశాడు. ట్రైన్లు రద్దీగా ఉంటాయి, రావక్కర్లేదు, నూనె తనే రాసేశానన్నాడు. సరేనన్నాను. పది నిమిషాలకి అమ్మ ఫోను.

“రాయలేదే. డబ్బా మూత కూడా తియ్యలేదు. నువ్వు రా.”