అట్టు ఒక పక్కకే జారిన పొద్దు

అమ్మ పెనం నడుమ పిండి పోసి గరిటె తిప్పింది. అట్టు గుండ్రంగా రాలేదు. పిండి మెల్లగా ఎడమకు జారి, అటు మందంగా, ఇటు కాగితంలా తయారైంది. రెండోదీ అంతే. గరిటె పక్కన పెట్టి నా దిక్కు చూసింది. "ఏందిరా, నీ ఇల్లు ఒక దిక్కు ఒరిగింది?"

ఆ ఇల్లు మోటర్‌హోమ్. ముప్పై ఆరడుగుల పాత డీజిల్ బండి, 2006 మోడల్. డల్లాస్ నుంచి పాలో డ్యూరో కాన్యన్ చూడ్డానికి బయల్దేరి, అమరిల్లో ఊరి బయట ఒక పెద్ద దుకాణం పార్కింగులో రాత్రికి ఆగాం. ఒక్క రాత్రే కదా అని జాకీలు దించలేదు. దించి ఉంటే బండి వాటి మీదే నిలబడేది, ఒరిగిన సంగతి ఎన్నాళ్లకు తెలిసేదో. ఆ లెక్కన పెనం నాకు మేలే చేసింది.

దిగి చూస్తే వెనక ఎడమ చక్రం మీద కవర్ అంచు దాదాపు టైరును తాకుతోంది. కుడి పక్క నాలుగు వేళ్ల సందుంది. చలికి గాలి ముడుచుకుంటుంది కాబట్టి రాత్రిపూట బండి కొంచెం దిగడం మామూలే. కానీ అప్పుడు రెండు పక్కలా సమానంగా దిగాలి. ఒక్క పక్కే కూలిందంటే గాలి ఎటో పోతున్నట్టే.

ఈ బండికి మన లారీలకున్నట్టు కమాన్ పట్టీలు లేవు. వాటి బదులు రబ్బరు సంచులు, ముందు రెండు, వెనక నాలుగు. బండి బరువంతా వాటిలోని గాలి మీదే. అమ్మకు చూపిస్తే, "కొలిమి తిత్తుల లెక్కున్నయి" అంది. ఇరవై ఏళ్లుగా ఎయిర్ బ్యాగ్ అంటున్నాను, తిత్తి అన్న మాట నాకెప్పుడూ తట్టలేదు. 1954లో గ్రేహౌండ్ సీనిక్రూయిజర్ బస్సులు ఈ తిత్తుల మీదే అమెరికా అంతా తిరిగాయి. మన దగ్గర 2001లో వోల్వో బస్సులు వచ్చాకే ఆ మెత్తదనం జనానికి బాగా తెలిసింది. అంతకుముందు తాండూరు రోడ్డు మీద బస్సెక్కితే ఏ గుంత ఎక్కడుందో నడుము చెప్పేది.

కాన్యన్ చూసే వచ్చాం. గ్రాండ్ కాన్యన్ తర్వాత అంత పెద్దదని చెప్పుకుంటారు. అమ్మ ఎర్రమట్టి గోడల్ని కాసేపు చూసి, "మన అనంతగిరి లెక్కనే ఉంది, చెట్లు లేవంతే" అని తేల్చేసింది. గాలి మంచిదని గుట్ట మీద టీబీ ఆసుపత్రి కట్టిన ఊరు మాది. ఇంకే గాలీ ఆమెకు ఆనదు.

ఇంటికొచ్చాక బండిని షాపుకు తీసుకెళ్లాను. కుర్రాడు టార్చి వేసి రెండు నిమిషాలు చూశాడు. తిత్తులు పాతబడ్డాయి, ఆరూ మార్చాలి, మూడు వేల డాలర్లకు దగ్గరగా అవుతుందన్నాడు. ఎక్కడ లీకవుతోందని అడిగితే, "అన్నీ మారిస్తే అదీ పోతుంది" అన్నాడు. నాకు తాండూరు ఉస్తాద్ గుర్తొచ్చాడు.

మా నాయినకు నాపరాయి తోలే లారీ ఉండేది. క్వారీ నుంచి బండలెత్తుకొని పోయేది. పొద్దున్నే ఇంజన్ స్టార్ట్ చేసి, బ్రేకులకు గాలి నిండేదాకా నాయిన పక్కన నిలబడి చాయ్ తాగేవాడు. ఉస్తాద్ పంచర్ షాపు రోడ్డు పక్కనే. నాపరాయి బండలు నిలబెట్టి కట్టిన తొట్టి, అందులో ఎప్పుడూ నల్లటి నీళ్లు. ట్యూబుకు గాలి కొట్టి జానెడు జానెడు ముంచుతూ పోయేవాడు. బుడగ లేచిన చోట అగ్గిపుల్ల గుచ్చేవాడు. వాల్వు దగ్గర అనుమానమొస్తే వేలికి ఎంగిలి చేసి దాని మూతి మీద రాసేవాడు. సన్నని పొర ఉబ్బిందా, పిన్ను మార్చాల్సిందే. నేను తొందరపడి "ఇక్కడే అయి ఉంటది" అంటే కసిరేవాడు. "అయి ఉంటది అనకు. బుడగ జూపియ్యి."

మరి ముప్పై ఆరడుగుల బండిని ఏ తొట్టిలో ముంచుతాం? నీళ్లే బండి దగ్గరికి రావాలి. గిన్నెలు తోమే సబ్బు, నీళ్లు కలిపి స్ప్రే సీసాలో పోసుకున్నాను. ఇంజన్ నడిపి ప్రెషర్ 120 దాకా ఎక్కించి ఆపేశాను. మీటరు ముల్లు కదలడం లేదు. అంటే లీకు చిన్నది, ఓపిక పెద్దది కావాలి. ఇక్కడ ఒక మాట. ఈ తిత్తులకూ బ్రేకులకూ గాలి ఇచ్చేది ఒకటే కంప్రెసర్. ఇంజన్ ఆపి బ్రేకు వదిలినప్పుడు, ఇలాంటి ఒంటి బండిలో నిమిషానికి 2 పీఎస్‌ఐ మించి పడకూడదని ఇక్కడి లారీ డ్రైవర్ల పరీక్షలోనే చూస్తారు. 60కి పడితే బజర్ మోగుతుంది. ఇంకా పడితే బ్రేకులు వాటంతటవే బిగుసుకుంటాయి. మెత్తదనం పోయిందిలే అని ఊరుకునే లీకు కాదిది.

కిందికి దూరబోతుంటే ఉస్తాద్ రెండో పాఠం చేయి పట్టుకుంది. జాకీ మీద లేపిన లారీ కిందికి ఎవర్నీ పోనిచ్చేవాడు కాదు. పాత రైలు స్లీపరు ముక్కలు రెండు పక్కలా పేర్చాకే. "నూనె మీద నిలబడ్డది బిడ్డా, నూనెను నమ్మి పండుకుంటవా?" నాదైతే గాలి మీద నిలబడింది. తిత్తిలో గాలి ఒక్కసారి పోతే బండి నాలుగైదు అంగుళాలు కిందికి వస్తుంది. కింద మనిషి ఉంటే అంత చాలు. చాసిస్ ఫ్రేము కింద రెండు పక్కలా మొద్దులు పేర్చి, బరువు వాటి మీద ఆనిందని చూసుకున్నాకే కిందికి పోయాను. ఈ పని ఇంట్లో చేద్దామనుకునేవాళ్లు తక్కినవన్నీ మరిచినా ఇది మరవకండి.

వెనక ఎడమవైపు రెండు తిత్తులకు గాలి ఒకే వాల్వు నుంచి వస్తుంది. బండి ఎత్తును పట్టి గాలి నింపేదీ వదిలేదీ అదే. కాబట్టి వెతకాల్సింది రెండు తిత్తులు, వాటి గొట్టాలు, ఆ వాల్వు. తిత్తుల మడతల్లో సీసా సగం ఖాళీ చేశాను. బుడగ లేదు. పైన గొట్టం దూరే ఇత్తడి బిగింపు దగ్గర కొడితే ఆవగింజంత నురుగు లేచి ఆగింది. మళ్లీ లేచింది. గొట్టం ఊడదీసి చూస్తే, ఎప్పుడో ఎవరో దాన్ని చాకుతో ఏటవాలుగా కోసి దూర్చారు. నైలాన్ గొట్టం కొసను తిన్నగా కోయకపోతే లోపలి రబ్బరు రింగుకు సరిగా ఆనదు. గాలి అంతా వదిలేసి, అరంగుళం తిన్నగా కత్తిరించి, అడుగు తగిలేదాకా నెట్టాను. అయిపోయిందని అమ్మకు గొప్పగా చెప్పాను.

మర్నాడు పొద్దున బండి మళ్లీ ఒరిగింది. ఈసారి సగమే.

రెండో లీకు వాల్వులో దొరికింది. కదలకుండా ఉన్నప్పుడు దాని గాలి వదిలే రంధ్రం నుంచి ఏమీ రాకూడదు. సబ్బునీళ్లు కొట్టి పది లెక్కపెట్టేలోపే అక్కడ శనగగింజంత బుడగ లేచి పగిలింది. లోపలి సీలు అరిగింది. కొత్త వాల్వు వంద డాలర్లలోపే దొరికింది. తిత్తికి పక్కన టేపు అంటించి రాత్రి ఎత్తు గీత గీశాను. పొద్దున చూస్తే గీత గీత దగ్గరే ఉంది.

ట్యూబుకు వేసినట్టు తిత్తికి ప్యాచ్ వేయొచ్చా అని ఇక్కడి మన మిత్రులిద్దరు అడిగారు. వేయకూడదు. మడతపడి విప్పుకునే రబ్బరు మీద అది నిలవదు. లీకు మూసే జిగురు ద్రవాలు కూడా పోయొద్దు, పోయి వాల్వులోనే గడ్డకడతాయి.

తిత్తుల మీద సన్నని పగుళ్లున్నాయి. లోపలి దారాలింకా బయటపడలేదు గానీ, పడేదాకా ఆగడం తెలివైన పని కాదు. వచ్చే వేసవి ప్రయాణానికి ముందు ఆరూ మారుస్తాను. లీకు సంగతి షాపు కుర్రాడు చూడనే లేదు. పాతబడ్డాయన్న మాట మాత్రం నిజం.