సానియా - నా ట్రంకుపెట్టె

ఉప్పల్ అనగానే ఎవరికైనా క్రికెట్టే గుర్తుకొస్తుంది. స్టేడియంలో మ్యాచి ఉన్న రోజున, కాలేజీ నుంచి నాచారంలో మా ఇంటికి చేరడం కాశీయాత్ర చేసినంత పని. అలాంటి చోట కాపురముంటూ టెన్నిసు గురించి రాస్తానంటే మావారు నవ్వారు.

"బంతి గీతకు ఇవతల పడిందో అవతల పడిందో చెప్పగలవా?" అన్నారు.

చెప్పలేను. అయినా రాస్తున్నాను. ఇదంతా మా అటక మీది ట్రంకుపెట్టె వల్ల వచ్చింది.

2005 ఫిబ్రవరిలో, పద్దెనిమిదేళ్ళ సానియా మీర్జా మన హైదరాబాదులోనే డబ్ల్యు.టి.ఏ. సింగిల్స్ టైటిల్ గెలిచింది. అంతకు ముందు మన దేశంలో ఏ ఆడపిల్లా అది సాధించలేదు. నేనప్పుడే తెలుగు ఎం.ఏ. ముగించి, దంపుళ్ళ పాటల మీద పరిశోధనకు పూనుకున్నాను. "ఆ పిల్లకు రాకెట్టు, నాకు డాక్టరేటు" అనుకున్నాను. ఆ వయస్సులో ఏమనుకున్నా చెల్లుతుంది గదా!

2007లో ఆమె సింగిల్స్‌లో ప్రపంచంలో 27వ స్థానానికి చేరింది. భారత మహిళ ఎవరూ అంత పైకి పోలేదు. ఆ తరువాత మణికట్టు మొరాయించింది. 2008లో శస్త్రచికిత్స అయింది. నాకూ పెళ్ళి, ఉద్యోగం, పురుడు, అత్తగారి జబ్బు ఒకదాని వెంట ఒకటి వచ్చాయి. పరిశోధన గడువు దాటిపోయింది. డాక్టరేటు రాని పాటలెందుకని కాగితాలన్నీ ట్రంకుపెట్టెలో పెట్టి అటకెక్కించాను.

2023 మార్చి 5, ఆదివారం. లాల్ బహదూర్ స్టేడియంలో సానియా వీడ్కోలు ఆట. మా అమ్మాయి నన్ను బలవంతాన బయలుదేరదీసింది. దారిలో నేను, "పాపం, మణికట్టు పాడుకాకపోతే ఎంత పేరు వచ్చేదో!" అన్నాను.

అమ్మాయి నావంక వింతగా చూసింది. "అమ్మా, అసలు ఆట ఆ తరువాతే గదా!" అని లెక్కలు చెప్పడం మొదలుపెట్టింది.

2013లో సానియా సింగిల్స్ మానేసింది గాని, రాకెట్టు వదల్లేదు. డబుల్స్‌లో సగం కోర్టు మరొకరు కాచుకుంటారు. తన బలమైన ఫోర్‌హ్యాండు దెబ్బకు అక్కడ చోటు చిక్కింది. 2015లో మార్టినా హింగిస్‌తో వింబుల్డన్ గెలిచింది. ఆ ఏడే డబుల్స్‌లో ప్రపంచంలో మొదటి స్థానానికెక్కింది. ఆ జోడీ వరుసగా 41 మ్యాచిలు గెలిచింది. 2018లో సానియాకు కొడుకు పుట్టాడు. 2020 జనవరిలో తిరిగి వచ్చి, హోబార్టులో ఆడిన మొదటి పోటీలోనే టైటిల్ కొట్టింది. మొత్తం ఆరు గ్రాండ్‌స్లామ్‌లు. ఆరూ డబుల్స్, మిక్స్‌డ్ డబుల్స్‌లోనివే!

నేను మాట్లాడలేదు. ఆవిడ ఒక తలుపు మూసి మరో తలుపు తీసింది. నేను ఒక తలుపు మూసుకుపోతే ఇల్లే తాళం వేశాను. పైగా దానికి సంసారం అని పేరు పెట్టాను.

ఆ రాత్రే పెట్టె దింపించాను. కొన్ని చరణాలు పురుగుల పాలయ్యాయి. అంతకన్న పెద్ద నష్టం మరొకటి. నాకు పాటలు చెప్పిన ఏడుగురు అవ్వల్లో మిగిలింది ఒక్కతే. ఆమె ఉప్పల్‌లో మనవడింట ఉన్నదని వాకబు చేసి తెలుసుకున్నాను.

మరుసటి ఆదివారం కాగితాలు పట్టుకుని వెళ్ళాను. అవ్వకు చూపు ఆనదు. గొంతు పోల్చుకుని, "ఇన్నేండ్లు ఏడబోయినవు బిడ్డా?" అన్నది.

ఏం చెప్పను? మౌనంగా పెన్ను తీశాను. పురుగు తిన్న చోట మొదటి మాట అందించాను. అవ్వ కాసేపు తడుముకుని, చరణం మొత్తం పాడింది.

అప్పటి నుంచి ఆదివారాలు మావి. ఆమె పాడుతుంది, నేను రాస్తాను. ఈ వయస్సులో నాకు డాక్టరేటు ఎవరూ ఇవ్వరు. ఇవ్వకపోతే పోనీండి. జోడీ బాగానే కుదిరింది.