సగం ముసల్మాన్లు

మా ఇంట్లో అమ్మీజాన్, అబ్బాజాన్ లేరు. అమ్మ, నాన్నే. మేం దూదేకులోళ్ళం. కాగితాల్లో నూర్‌బాషాలమని రాస్తారు. కోపమొస్తే ఎవరైనా ఎవర్నైనా ‘పింజారీ’ అని తిడతారు. అది మా కులం పేరని తిట్టేవాళ్ళకి గుర్తే ఉండదు.

బళ్ళో నన్ను ‘తురకపిల్ల’ అన్నారు. పెళ్ళిళ్ళకెళ్తే ఉర్దూ మాట్లాడే ఆడోళ్ళు నా తెలుగు విని ‘ఆధే ముసల్మాన్’ అని నవ్వుకునేవాళ్ళు. వీళ్ళకి నేను పూర్తి తురకదాన్ని. వాళ్ళకి సగం ముసల్మాన్‌ని. మరి నేనెవర్ని?

అమ్మకి అరబ్బీ చదవడం రాదు. నమాజుకి కావలసిన సూరాలు ఎవరిచేతో చెప్పించుకుని ఓ నోటుబుక్కులో తెలుగక్షరాలతో రాసుకుంది. ఇంటికి చుట్టాలొస్తే ఆ నోటుబుక్కు బియ్యం డబ్బా వెనక్కి పోయేది. ఆ సిగ్గు నాకూ అంటింది. బొమ్మలెయ్యడం నేర్చుకున్నాక కూడా మా ఇంటిని ఎప్పుడూ గియ్యలేదు.

కాలేజీలో మాకు మొదట గియ్యమని ఇచ్చింది ప్లాస్టర్‌తో పోసిన గ్రీకు తలకాయల్ని. కళ అంటే అదేననుకున్నాను. అందుకే ఆ దేశం వెళ్ళే అవకాశం వచ్చినప్పుడు స్తంభాలూ విగ్రహాలూ గీసుకొద్దామనే బయల్దేరాను. ఏథెన్స్ కొండమీద పార్థెనాన్ ముందు కూర్చున్నాను. గుడిగా కట్టింది తర్వాత చర్చి అయింది, ఆ తర్వాత మసీదైంది. 1687లో వెనిస్ సైన్యం పేల్చిన గుండు లోపల దాచిన మందుగుండుకి తగిలి సగం కూలింది. మా కాలేజీ పాఠంలో గుడి ఒక్కటే ఉంది. మసీదు లేదు.

అక్కణ్ణుంచి క్రీటు దీవికి వెళ్ళాను. రెథిమ్నో ఊళ్ళో నెరాద్జే మసీదు మినారు అలాగే ఉంది. లోపల ఇప్పుడు సంగీతం నేర్పుతున్నారు. మరి ఇక్కడ నమాజు చేసినవాళ్ళేమయ్యారు?

1923 జనవరి 30న లొజాన్‌లో గ్రీసు, టర్కీ ఒప్పందం రాసుకున్నాయి. టర్కీలోని ఆర్థడాక్స్ క్రైస్తవులు గ్రీసుకి, గ్రీసులోని ముస్లింలు టర్కీకి పోవాలి. కొన్నిచోట్ల వాళ్ళని మాత్రమే మినహాయించారు. అంతకుముందే యుద్ధంలో పారిపోయి వచ్చినవాళ్ళతో కలిపి క్రైస్తవులు సుమారు 12 లక్షలమంది. ముస్లింలు 3.5 లక్షలకు పైగా. నీ భాషేమిటని ఎవరూ అడగలేదు. మతం ఒక్కటే చూశారు.

క్రీటు ముస్లింల ఇంటిభాష గ్రీకు. చాలామందికి టర్కీ భాషే రాదు. పాడుకునే పాటలూ గ్రీకువే. అయినా పక్కింటివాళ్ళకి వాళ్ళు ‘తుర్కులు’. అక్కడ ఎవరన్నా ఇస్లాంలోకి మారితే ‘తుర్కయ్యాడు’ అనేవాళ్ళట. అది తెలిసి నవ్వొచ్చింది. ‘తురకల్లో కలిశాడు’ అనే మా ఊరి మాటే గదా! ఓడలెక్కి టర్కీలో దిగితే అక్కడివాళ్ళు వీళ్ళ గ్రీకు విని పెట్టిన పేరు ‘యారిమ్ గావుర్’. అంటే సగం కాఫిర్లు.

అది విన్నప్పుడు నా చేతిలో పెన్సిలు ఆగిపోయింది. ఆధే ముసల్మాన్! ఎక్కడి క్రీటు, ఎక్కడి మా ఊరు!

మళ్ళీ ఏథెన్స్ వచ్చి ఆసియా మైనర్ అధ్యయన కేంద్రానికి వెళ్ళాను. కాందిశీకులుగా వచ్చిన క్రైస్తవుల జ్ఞాపకాలు, పుస్తకాలు అక్కడ దాచారు. వాళ్ళలో కరమన్లీలని ఒక జనం. మతం క్రైస్తవం, మాట టర్కీ భాష. ఆ భాషని గ్రీకు అక్షరాలతో రాసుకున్నారు. వాళ్ళ ప్రార్థన పుస్తకాల్లో దేవుడి పేరు ‘అల్లా’. గ్రీకు లిపిలో, క్రైస్తవుల నోట, అల్లా! అద్దం వెనకున్న ఆ పేజీ చూస్తుంటే అమ్మ నోటుబుక్కు కళ్ళముందు కదిలింది. వీళ్ళ రాతని అద్దాల బీరువాలో పెట్టి కాపాడుతున్నారు. మా రాతని మేం బియ్యం డబ్బా వెనక దాచుకున్నాం.

స్తంభాలు గియ్యకుండానే తిరిగొచ్చాను.

నాన్న ఏకిన దూది ఇంకా కొంత మిగిలుంది. దానితో మూడు పల్చటి రజాయిలు కుట్టించాను. ఒకదానిమీద గ్రీకు అక్షరాల టర్కీ మాటలు. రెండోదానిమీద అరబ్బీ అక్షరాల గ్రీకు మాటలు. క్రీటు ముస్లింలు అలా కూడా రాసుకునేవాళ్ళు. మూడోదానిమీద అమ్మ చేతిరాత, వంకర ఒత్తులతో సహా. ముందు నేలమీద నాన్న దూది ఏకిన విల్లు పెట్టాను.

ప్రదర్శనకొచ్చిన ఒక పెద్దమనిషి “అరబ్బీని ఇలా రాస్తే ఉచ్చారణ చెడుతుంది గదమ్మా” అన్నారు. నిజమే. చెడుతుంది. కానీ అరబ్బీ నేర్పడానికి మా గుడిసెల దాకా ఎవరొచ్చారు? తనకి తెలిసిన అక్షరాలతోనే అమ్మ ముప్ఫై ఏళ్ళు నమాజు చేసుకుంది. ఆ నమాజు సగమెట్లా అవుతుంది?

అమ్మ కూడా చూడ్డానికొచ్చింది. “నా తప్పులన్నీ గోడకెక్కించావా?” అని కసిరింది. కాసేపాగి మిగతా రెండూ ఎవరివని అడిగింది. చెప్పాను.

“మళ్ళా సొంతూళ్ళకి రానిచ్చారా వాళ్ళని?”

“లేదమ్మా. రానివ్వలేదు.”

అమ్మ ఇంకేం మాట్లాడలేదు. ఆ రాత్రి ఇంటికెళ్ళాక నోటుబుక్కు దుమ్ము దులిపింది. చుట్టాలొచ్చినా ఇప్పుడది గూట్లో ఖురాను పక్కనే ఉంటోంది.